రోడ్డుకొక తీరు, గుట్టకొక తీరు

కారు అద్దం మీద దారి చెప్పే జీపీఎస్ నావిగేటరే గుట్ట ఎక్కేటప్పుడూ చేతిలో ఉండొచ్చు. కానీ రెండుచోట్లా దాని మీద పెట్టుకోవాల్సిన నమ్మకం ఒకటి కాదు. కోరుట్ల నుంచి రామగిరి ఖిల్లా దాకా, జగిత్యాల నుంచి అరేబియా ఎడారి దాకా ఈ పరికరం ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది?

జీపీఎస్ నావిగేటర్ రెండు వేర్వేరు పనులు చేస్తుంది. మనిషి ఉన్నచోటు ఎక్కడో లెక్కగట్టడం మొదటిది. అక్కడి నుంచి వెళ్లాల్సిన చోటికి దారి చూపడం రెండోది. మొదటి పనికి కావలసిన సమాచారం ఉపగ్రహాల నుంచి వస్తుంది. కోరుట్ల బస్టాండులో నిలబడినా, సౌదీ ఇసుక దిబ్బల మీద నిలబడినా అది ఒకేలా అందుతుంది. రెండో పనికి మ్యాపు కావాలి. దాన్ని ఎవరో, ఎప్పుడో తయారుచేసి పరికరంలో ఎక్కించి ఉంటారు. అందులో రోడ్డు ఉంటేనే దారి ఉన్నట్టు. కారులో వెళ్లేవారు ఆధారపడేది ఎక్కువగా ఈ రెండో పని మీదే. గుట్టలెక్కేవారికి, అడవిలో నడిచేవారికి మొదటి పనే ప్రాణం. ఒకే పరికరాన్ని రెండు చోట్లా వాడదలచుకున్నవారు ముందుగా తెలుసుకోవాల్సిన తేడా ఇదే.

ఉన్నచోటు తెలిసేదెలా?

జీపీఎస్ అమెరికా రక్షణ శాఖ ప్రాజెక్టు. 1973లో మొదలైంది. తొలి ఉపగ్రహం 1978లో కక్ష్యలోకి వెళ్లింది. 1995 నాటికి వ్యవస్థ పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో, దాదాపు 12 గంటలకొక చుట్టు చొప్పున ఈ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. వ్యవస్థ నడవడానికి 24 ఉండాలి. ప్రస్తుతం 30 దాకా పనిచేస్తున్నాయి.

ప్రతి ఉపగ్రహంలోనూ అణుగడియారాలుంటాయి. తాను ఏ చోటున ఉన్నదీ, ఏ క్షణాన సంకేతం పంపుతున్నదీ ఉపగ్రహం నిరంతరం ప్రసారం చేస్తుంటుంది. ఆ సంకేతం తనదాకా రావడానికి ఎంత సమయం పట్టిందో చూసి పరికరం దూరాన్ని లెక్కిస్తుంది. సంకేతం వేగం కాంతి వేగమే, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. సెకనులో పదిలక్షలవ వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే చోటు తేలాలి. అయితే చేతిలోని పరికరంలో ఉండేది మామూలు గడియారం కాబట్టి, దాని పొరపాటును సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతానికీ ఇక్కడ నిత్యం పని ఉంది. ఉపగ్రహంలోని గడియారం నేల మీది గడియారం కన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దాన్ని సర్దకపోతే ఒక్క రోజులోనే లెక్క 10 కిలోమీటర్లకు పైగా తప్పుతుంది.

నావిగేటర్ సంకేతాలను అందుకుంటుందే తప్ప పైకి ఏమీ పంపదు. దానికి సిమ్‌కార్డు అక్కర్లేదు, సెల్‌టవర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్‌లోని జీపీఎస్ కూడా అంతే. సిగ్నల్ పోగానే ఫోన్‌లో దారి మాయమవడానికి కారణం మ్యాపు ఇంటర్నెట్ నుంచి వస్తుండటమే. మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసిపెట్టుకుంటే సిగ్నల్ లేనిచోటా ఫోన్ ఉన్నచోటును చూపిస్తుంది. ఇంటర్నెట్ తోడు వల్ల ఫోన్‌కు ఒక సదుపాయం ఉంది. ఏ ఉపగ్రహం ఎక్కడుందో దానికి ముందే తెలుస్తుంది కాబట్టి కొన్ని సెకన్లలో చోటు దొరుకుతుంది. చాలాకాలం బీరువాలో ఉన్న నావిగేటర్ ఆ వివరాలన్నీ ఉపగ్రహాల నుంచే రాబట్టుకోవాలి. ఉపగ్రహాల జాబితా మొత్తం అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అందుకే పాత పరికరాన్ని ఆన్ చేశాక ఇంట్లో కూర్చుని తిట్టుకోకుండా, ఆకాశం బాగా కనిపించే చోట కాసేపు కదపకుండా ఉంచాలి.

సైన్యం నుంచి సామాన్యుడి చేతికి

1983లో దక్షిణ కొరియా విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. సోవియట్ సైన్యం కూల్చేయడంతో 269 మంది చనిపోయారు. జీపీఎస్‌ను పౌరులకూ అందిస్తామని అమెరికా ప్రకటించింది ఆ తర్వాతే. 1989లో మాగెల్లాన్ కంపెనీ చేతిలో పట్టుకునే తొలి వాణిజ్య పరికరాన్ని అమ్మకానికి తెచ్చింది. అప్పట్లో పౌరుల సంకేతంలో అమెరికా కావాలనే తప్పు కలిపేది. దాంతో చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. 2000 మే నెలలో ఆ పద్ధతి ఆపేశారు. వీధి మలుపు వీధి మలుపుగా దారి చెప్పే కారు నావిగేటర్లు ఇంటింటికీ వచ్చింది ఆ తర్వాతే.

కారుకూ కాలినడకకూ ఒకే పరికరం అన్న ఆలోచనకు మంచి ఉదాహరణ 2008లో వచ్చిన గార్మిన్ నువీ 500. నీళ్లకు తట్టుకునే ఒళ్లు, విప్పి మార్చుకునే బ్యాటరీ, వాహనం, నడక, సైకిల్, పడవ అంటూ వేర్వేరు పద్ధతులు అందులో ఉండేవి. మన దగ్గర మ్యాప్‌మైఇండియా, హైదరాబాద్‌కు చెందిన శాట్‌నావ్ టెక్నాలజీస్ వారి ‘శాట్‌గైడ్’ భారతీయ మ్యాపులతో కారు నావిగేటర్లు తెచ్చాయి. 2018లో గూగుల్ మ్యాప్స్ తెలుగులో మలుపులు చెప్పడం మొదలుపెట్టింది. కారు వరకు చూస్తే చాలామందికి విడి పరికరం అవసరం తీరిపోయింది. నడకలో మాత్రం తీరలేదు.

ఇప్పుడు ఆకాశంలో జీపీఎస్ ఒక్కటే లేదు. రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ ఉన్నాయి. మన ఇస్రో 2013 జులైలో శ్రీహరికోట నుంచి తొలి ప్రాంతీయ నావిగేషన్ ఉపగ్రహాన్ని పంపింది. 2016లో ఏడోది వెళ్లాక ఆ వ్యవస్థకు నావిక్ అని పేరొచ్చింది. మొదట్లో నావిక్ వాడిన తరంగాలను మామూలు పరికరాలు అందుకోలేకపోయేవి. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్-01 నుంచి, జీపీఎస్ పరికరాలకు అలవాటైన ఎల్-1 తరంగాన్ని కూడా చేర్చారు. ఎన్ని వ్యవస్థలను అందుకోగలిగితే చెట్ల కింద, లోయల్లో చోటు అంత నిలకడగా దొరుకుతుంది.

కారులో: మ్యాపు మీదే భారం

కారు పద్ధతిలో పరికరం మనిషిని రోడ్డుకు అతికించేస్తుంది. లెక్కలో నాలుగైదు మీటర్ల తేడా వచ్చినా, ‘ఈ బండి రోడ్డు మీదే ఉంటుంది’ అనుకుని బాణం గుర్తును దగ్గర్లోని రోడ్డు మీదికి జరుపుతుంది. అందుకే ఉన్నచోటులోని చిన్న తప్పులు డ్రైవర్‌కు కనిపించవు. మ్యాపులోని తప్పులే కొంప ముంచుతాయి.

బోధన్, నిజామాబాద్, ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి, మంచిర్యాల మీదుగా పోయే జాతీయ రహదారి ఇప్పుడు 63వ నంబరుది. 2010లో రహదారుల నంబర్లు మార్చకముందు నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ దాకా దీని నంబరు 16. ఇప్పుడు 16 అంటే చెన్నై–కోల్‌కతా రహదారి. ఆర్మూర్ దగ్గర దీన్ని దాటే హైదరాబాద్–నాగ్‌పూర్ రహదారి 7 నుంచి 44 అయింది. పాత మ్యాపున్న పరికరం పాత నంబర్లే పలుకుతుంది. బోర్డుల మీద వేరే అంకె కనిపించేసరికి కొత్త డ్రైవర్ తికమకపడతాడు. 2016 అక్టోబరు 11కు ముందటి మ్యాపులో జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలే ఉండవు. అంతా కరీంనగరే.

నంబరు మారితే తికమకతో పోతుంది, రోడ్డే మునిగితే ప్రమాదం. సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర కట్టిన మిడ్‌మానేరు జలాశయం కింద ఊళ్లతో పాటు వాటిని కలిపిన రోడ్లూ పోయాయి. ఊళ్లు పునరావాస కాలనీలకు మారాయి. జలాశయం నిండకముందు తయారైన మ్యాపులో ఆ రోడ్లు చక్కగా కనిపిస్తాయి. పరికరం ఆ దారినే దగ్గరి దారిగా చూపిస్తుంది. పగలైతే నీళ్లు కనిపిస్తాయి. అర్ధరాత్రి వేములవాడ దర్శనానికి వచ్చే దూరపు బండ్లకు అలాంటి మ్యాపు ఉండటం కన్నా లేకపోవడమే మేలు. గోదావరి ఒడ్డున ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లు నిలిచిన ప్రాంతాలదీ ఇదే సంగతి. ఏటా ఒకసారైనా మ్యాపు అప్‌డేట్ చేయాలనడం అందుకే.

ఊళ్ల పేర్లతోనూ జాగ్రత్త అవసరం. ఇబ్రహీంపట్నం జగిత్యాల జిల్లాలో ఒకటుంది, హైదరాబాద్ పక్కన రంగారెడ్డి జిల్లాలో ఒకటుంది, విజయవాడ దగ్గర మరొకటుంది. మేడిపల్లి, మల్లాపూర్ జగిత్యాల జిల్లాలోనూ ఉన్నాయి, హైదరాబాద్ శివార్లలోనూ ఉన్నాయి. సారంగాపూర్ గోదావరికి ఇవతల జగిత్యాల జిల్లాలో ఒకటి, అవతల నిర్మల్ జిల్లాలో ఒకటి. ఇంగ్లిష్ అక్షరాల్లో కోరుట్లను కోరట్ల అని కూడా రాస్తారు. ఒక రకంగా కొడితే దొరకని ఊరు ఇంకో రకంగా కొడితే దొరుకుతుంది. గమ్యం ఎంచుకున్నాక జిల్లా పేరు, మొత్తం దూరం ఒకసారి చూసుకుంటే ఈ పొరపాటు మొదట్లోనే దొరికిపోతుంది.

దారి ఎంపికలో ‘వేగవంతం’, ‘దగ్గరిది’ అని రెండు పద్ధతులుంటాయి. ‘దగ్గరిది’ పెట్టుకుంటే పరికరం దూరం తగ్గడమే చూస్తుంది. వరద కాలువ, కాకతీయ కాలువల కట్టల మీది మట్టి బాటలు మ్యాపులో ఉంటే వాటినీ రోడ్ల లెక్కలోనే వేస్తుంది. వానాకాలంలో వాగు పొర్లి మునిగిన లో లెవల్ వంతెన సంగతి దానికి తెలియదు. ఘాట్ రోడ్డు వాలు ఎంతో, ఎక్కిన జనం ఎందరో, బండి బ్రేకులు ఎలా ఉన్నాయో అసలే తెలియదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికి నావిగేటర్‌తో సంబంధం లేదు. కానీ దూరం తక్కువైన దారి భద్రమైన దారి కానక్కర్లేదని ఈ ప్రాంతానికి అది చేదుగా నేర్పింది. అందుకని ‘వేగవంతం’ ఎంచుకుని, ‘మట్టి రోడ్లు వద్దు’ అన్నది ఆన్ చేసి ఉంచడం మంచిది.

2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహన నిబంధనల సవరణ ప్రకారం, నడిపేటప్పుడు ఫోన్ లాంటి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, ధ్యాస చెదరని విధంగా వాడొచ్చు. అంటే పరికరం చేతిలో కాదు, స్టాండులో ఉండాలి. అదీ చూపుకు అడ్డం రాకుండా అద్దం కింది మూలన. గమ్యాన్ని బండి కదలకముందే పెట్టుకోవాలి.

నడకలో: మ్యాపు వెనక్కి, గుర్తులు ముందుకు

పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లాకు వానాకాలంలో జనం బాగా వస్తారు. ఔషధ మొక్కల కోసం వృక్షశాస్త్రం విద్యార్థులూ వస్తుంటారు. కోరుట్ల నుంచి జగిత్యాల, ధర్మారం, పెద్దపల్లి మీదుగా గుట్ట కింది బేగంపేట దాకా కారు పద్ధతే చాలు. బండి ఆపిన చోట పరికరం పాత్ర మారిపోతుంది.

బండి దగ్గరే ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. ఆ చోటును గుర్తుగా దాచి, ‘బండి’ అని పేరు పెట్టాలి. ఈ గుర్తునే పరికరాల భాషలో వేపాయింట్ అంటారు. తర్వాత పద్ధతిని ‘నడక’కు మార్చాలి. రోడ్డుకు అతికించే సెట్టింగును ఆపేయాలి. ఆపకపోతే గుట్ట మీద ఉన్న మనిషిని పరికరం గుట్ట కింది తారు రోడ్డు మీద చూపిస్తుంది. ఆ తర్వాత ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేయాలి. నడిచినంత మేరా పరికరం కొన్ని సెకన్లకొకటి చొప్పున చుక్కలు పెట్టుకుంటూ పోతుంది. ఆ చుక్కలన్నీ కలిస్తే గీత అవుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ గీత వెంట వస్తే బండి దొరుకుతుంది. అడవి బాటలు చాలామటుకు ఏ మ్యాపులోనూ ఉండవు కాబట్టి, నడిచేవాడికి నమ్మదగ్గ మ్యాపు తాను గీసుకున్న ఈ గీతే.

బాట రెండుగా చీలిన చోట, కోట దర్వాజా దగ్గర, నీళ్లున్న చోట ఒక్కో గుర్తు దాచుకుంటే గీత తెగినా ఇబ్బంది ఉండదు. ‘బండి’ గుర్తు వైపు వెళ్లమంటే నడక పద్ధతిలో పరికరం తిన్నటి గీత చూపిస్తుంది. ఆ గీతలో కొండచరియ ఉందా, ముళ్లకంప ఉందా దానికి పట్టదు. అది చూపేది దిక్కు, బాట కాదు. దిక్కు చూసి తిన్నగా దిగబోయినవారే చరియల మీద ఇరుక్కుంటారు. వచ్చిన గీత వెంటే వెనక్కి నడవాలి.

పెద్ద బండరాళ్ల పక్కన, దట్టమైన చెట్ల కింద సంకేతం రాళ్లకు తగిలి ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు గీత పాము మెలికలు తిరిగినట్టు కనిపిస్తుంది. ఆరుబయట ఐదు మీటర్ల లోపు ఉండే తేడా అలాంటిచోట పది, పదిహేను మీటర్లకు పోవచ్చు. ఎత్తు లెక్కలో తప్పు ఇంకా ఎక్కువ. పైగా మన ప్రాంతంలో సముద్రమట్టాన్ని బట్టి లెక్కించే ఎత్తుకూ, ఉపగ్రహాల లెక్కకు ఆధారమైన ఊహా గోళం నుంచి కొలిచే ఎత్తుకూ మధ్య సుమారు 70 మీటర్ల తేడా ఉంది. మంచి పరికరాలు దీన్ని సర్దుకుంటాయి. కొన్ని ఫోన్ యాప్‌లు సర్దుకోవు. అందుకే ఒకే గుట్ట మీద రెండు పరికరాలు రెండు ఎత్తులు చెబుతుంటాయి.

ఈ ఐదు మీటర్ల తేడా గుర్తుంచుకోవాల్సిన సందర్భం ఇంకొకటుంది. పొలం గట్టు పంచాయితీకి చేతి నావిగేటర్ పనికిరాదు. హద్దులు తేల్చడానికి సర్వేయర్లు వాడే పరికరాలు సెంటీమీటర్లలో కొలుస్తాయి. అవి వేరే జాతి.

అంకెల దగ్గర తప్పితే

చోటును అక్షాంశ రేఖాంశాలతో చెప్పడానికి రెండు మూడు పద్ధతులున్నాయి. కోరుట్ల సుమారుగా 18 డిగ్రీల 49 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 43 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. దశాంశాల్లో అదే 18.82, 78.72. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 49 నిమిషాలంటే 0.82 డిగ్రీ. ఎవరైనా 18 డిగ్రీల 49 నిమిషాలను 18.49 అనీ, 78 డిగ్రీల 43 నిమిషాలను 78.43 అనీ కొట్టారనుకుందాం. పరికరం కోరుట్లకు నైరుతిన సుమారు 47 కిలోమీటర్ల అవతల, కామారెడ్డి దిక్కున చుక్క పెడుతుంది. ప్రమాదంలో ఉన్నవారు 112కు ఫోన్ చేసి చోటు చెప్పేటప్పుడు ‘పాయింటు’ అన్నారా, ‘నిమిషాలు’ అన్నారా అన్నది ప్రాణాలకే ముడిపడొచ్చు.

కాగితం మ్యాపుతో కలిపి వాడేవారికి మరో చిక్కు ఉంది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు భూమి ఆకారానికి జార్జ్ ఎవరెస్ట్ 1830లో కట్టిన లెక్క మీద గీసినవి. సర్వేయర్ లాంబ్టన్ 1802లో మద్రాసులో మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలోకి ఎవరెస్ట్ వచ్చి చేరింది నిజాం రాజ్యంలోనే. ఇక్కడి అడవుల్లో జ్వరం పట్టి మంచాన పడ్డాడు కూడా. జీపీఎస్ వాడే లెక్క వేరు, దాని పేరు డబ్ల్యూజీఎస్-84. పాత టోపోషీటు మీద చూసిన అంకెలను మార్చకుండా పరికరంలో పెడితే చోటు వంద మీటర్లకు పైగా పక్కకు పోతుంది. పరికరం సెట్టింగుల్లో ‘డేటమ్’ అనే చోట దీన్ని సరిచేసుకోవచ్చు. కొత్త ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్-84 మీదే ఉన్నాయి కాబట్టి వాటితో ఈ గొడవ లేదు.

ఎడారి చెప్పిన పాఠం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లినవారిలో డ్రైవర్లు చాలామంది. భాష రాని దేశంలో, పేరు చదవడం రాని వీధుల్లో వారికి నావిగేటరే దిక్కు. 2024 ఆగస్టులో సౌదీలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో జరిగిన ఘటన కరీంనగర్ ప్రాంతాన్ని కలచివేసింది. టెలికం పని మీద వెళ్లిన 27 ఏళ్ల కరీంనగర్ యువకుడు, అతని సూడాన్ సహచరుడు జీపీఎస్ పరికరం పనిచేయక దారి తప్పారు. తిరిగి తిరిగి బండిలో పెట్రోలు అయిపోయింది. ఫోన్‌లో చార్జింగ్ పోయింది. తాగడానికి నీళ్లు లేవు. నాలుగు రోజుల తర్వాత బండి పక్కనే ఇద్దరి మృతదేహాలు దొరికాయి. ఆ ఎడారి విస్తీర్ణం సుమారు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, తెలంగాణకు ఐదింతలకు పైనే.

ఆ ఇద్దరికి ఒకదాని వెనుక ఒకటి అన్నీ ఆగిపోయాయి. అందుకే రోడ్డు లేని చోటికి వెళ్లేవారు దారి చూపే సాధనాలు రెండు ఉంచుకోవాలి. రెండూ ఒకే బ్యాటరీ మీద ఆధారపడకూడదు. విడి నావిగేటర్‌కు ఇప్పటికీ గిరాకీ ఉండటానికి కారణం ఇదే. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే గార్మిన్ ఈట్రెక్స్ లాంటివి ఇరవై గంటలకు పైగా నడుస్తాయి. అయిపోతే కిరాణా కొట్టులో దొరికే సెల్స్ మార్చుకోవచ్చు. స్క్రీన్ వెలిగించి జీపీఎస్ నడిపిస్తే ఫోన్ ఒక పూటకే నీరసిస్తుంది. కారు కోసమే చేసిన నావిగేటర్లదీ అంతే. బండి చార్జర్ నుంచి తీస్తే రెండు, మూడు గంటలకు మించి నిలవవు. కాబట్టి రెండు పనులకూ కొనేవారు మూడు విషయాలు చూడాలి. బ్యాటరీ విప్పి మార్చుకునేలా ఉండాలి. మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని చెప్పే ఐపీఎక్స్-7 గుర్తు ఉండాలి. ఎండలో కూడా స్క్రీన్ కనిపించాలి.

గల్ఫ్ నుంచి ఇంటికి తెచ్చిన పాత పరికరాలతో రెండు సమస్యలున్నాయి. వాటిలో అక్కడి మ్యాపే ఉంటుంది. మన దేశం మ్యాపును కొనైనా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఉచితంగానైనా ఎక్కించుకోవాలి. రెండోది తేదీ సమస్య. జీపీఎస్ వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. 2019 ఏప్రిల్ 6న అలా సున్నా అయినప్పుడు అప్‌డేట్ లేని పాత పరికరాల్లో కొన్ని ఇరవై ఏళ్ల కిందటి తేదీకి పోయాయి.

కొత్తగా తెచ్చుకునేవారు ఒక చట్టాన్ని గమనించాలి. సంకేతాలను అందుకునే నావిగేటర్‌కు అడ్డులేదు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరాలు, శాటిలైట్ ఫోన్లు మాత్రం టెలికం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు, వెంట ఉంచుకోకూడదు. విమానాశ్రయాల్లో వీటితో పట్టుబడి కేసుల పాలైన విదేశీ పర్యాటకులున్నారు. అడవికీ చట్టం ఉంది. గోదావరి దాటితే వచ్చే కవ్వాల్ పులుల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లడం నేరం. పరికరంలో బాట కనిపించినంత మాత్రాన అటు వెళ్లే హక్కు వచ్చినట్టు కాదు.

బయల్దేరే ముందు

కారు ప్రయాణానికి: మ్యాపు అప్‌డేట్ అయిందో లేదో చూడాలి. గమ్యం ఏ జిల్లాలో ఉందో, మొత్తం దూరం ఎంతో సరిచూడాలి. మట్టి రోడ్లు వద్దని పెట్టుకోవాలి. వానాకాలమైతే వాగుల సంగతి దారిలోని ఊళ్లలో అడగాలి.

నడకకు: బండి గుర్తు దాచాలి. పద్ధతి మార్చి, ట్రాక్ ఆన్ చేయాలి. రెండు జతల సెల్స్, కాగితం మ్యాపు, మామూలు దిక్సూచి వెంట ఉండాలి. ఏ గుట్టకు, ఏ బాటన వెళ్తున్నదీ, ఎన్నింటికి తిరిగొచ్చేదీ ఇంట్లో రాసిపెట్టాలి. పరికరం ఉన్నచోటును దాన్ని పట్టుకున్న మనిషికే చెబుతుంది. వెతికేవారికి చెప్పేది ఈ చీటీయే.